పర్లాకిమిడిలో కూర్చుని తెలుగు సినిమా వింటే

'తండేల్' మొదలై ఇరవై నిమిషాలైనా అయిందో లేదో, అమ్మ తెర మీది నుంచి చూపు తిప్పకుండానే అడిగింది: "ఆ అబ్బాయి ఎవరితో మాట్లాడుతున్నాడు?"

ఎదురుగా సాయిపల్లవి ఉంది కదా, ఆమెతోనే అన్నాను.

"ఆ పిల్లతో కాదు. మనతో మాట్లాడుతున్నాడు. మన మాట తనకు వచ్చిందని మనకు చూపిస్తున్నాడు" అంది అమ్మ. ఆ తర్వాత సినిమా అంతా శ్రద్ధగానే చూసింది, రెండుచోట్ల కళ్లు తుడుచుకుంది కూడా. కానీ ఆ ప్రశ్న నాలో పడి ఉండిపోయింది. అప్పటినుంచి ఏ తెలుగు సినిమా చూసినా, ఏ సీరియల్ పక్కగదిలోంచి వినిపించినా ముందు అదే వెతుక్కుంటున్నాను. ఈ మనిషి ఎవరితో మాట్లాడుతున్నాడు?

మాది పర్లాకిమిడి. పటంలో ఒడిశా, గజపతి జిల్లా. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రప్రదేశ్. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఊరు అటు చేరింది, మా ఇంటి మాట ఇటు మిగిలింది. నేను చదివింది ఒడియా బడిలో. తెలుగు అక్షరాలు నాన్న నేర్పించారు, అదీ గోడల మీది సినిమా పోస్టర్ల సాయంతో. బజారుకు వెళ్లేటప్పుడు చెయ్యి పట్టుకుని ఒక్కో పోస్టరు ముందు ఆగి ఒక్కో అక్షరం చదివించేవారు. అమ్మకు ఏ లిపీ రాదు. మా మేనకోడలు ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతుంది, ఒడియా, హిందీ చదవగలదు, తెలుగు మాట్లాడుతుంది కానీ ఒక్క అక్షరం గుర్తుపట్టదు. మా వదిన ఒడియా అమ్మాయి. పుట్టిల్లు బ్రహ్మపురం. పెళ్లయ్యాకే తెలుగు నేర్చుకుంది.

ఇలాంటి ఇంట్లో తెలుగు చదివే భాష కాదు, వినే భాష. పుస్తకం లేదు, బడి లేదు, పత్రిక లేదు. అమ్మ నోరు, వీధిలో నాలుగిళ్లు, ఆ పైన సినిమా, టీవీ. హైదరాబాదులో ఉన్నవాళ్లకు ఒక సినిమాలో మాట బాగా లేకపోతే ఒక సాయంత్రం పాడవుతుంది. మాకు అలా కాదు. మా మేనకోడలికి రేపు తెలుగు ఎలా ఉండబోతోందో చాలావరకు తెరే నిర్ణయిస్తుంది. అందుకే ఈ మధ్య చూసినవాటి గురించి నా అభిప్రాయం మొహమాటం లేకుండా రాస్తున్నాను. హీరో ఎంత ఎత్తు ఎగిరాడు, ఎన్ని కోట్లు వచ్చాయి అన్నవి నా లెక్కలో లేవు. చెవికి ఏమి అందింది అన్నదే లెక్క.

మళ్లీ 'తండేల్' దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ సినిమాకు నేను ఋణపడి ఉన్నాను. 2025 ఫిబ్రవరిలో వచ్చింది, చందూ మొండేటి దర్శకుడు. గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కిన శ్రీకాకుళం జిల్లా మత్స్యకారుల జీవితం ఆధారంగా అల్లిన కథ. వాళ్లు ఏడాదికి పైగా కరాచీ జైల్లో ఉండి 2020 జనవరిలో విడుదలయ్యారు. సొంత సముద్రం ఇంటి ముందే ఉన్నా పెద్ద రేవు లేక, వేట గిట్టుబాటు కాక, దేశానికి ఆ చివరనున్న తీరానికి వలస వెళ్లే మగవాళ్లు, ఇక్కడ నెలలు లెక్కపెట్టుకునే ఆడవాళ్లు. ఇది మాకు ఒకరు చెప్పవలసిన సంగతి కాదు. గంజాం జిల్లా నుంచి తరతరాలుగా మగవాళ్లు సూరత్ మగ్గాల మీదికి వెళుతున్నారు. వీళ్లూ గుజరాతే, వాళ్లూ గుజరాతే. తెలుగు ఇంటి నుంచి పడవ మీదికి, ఒడియా ఇంటి నుంచి మగ్గం మీదికి. మా వదిన చిన్నాన్న జీవితంలో సగం అక్కడే గడిచింది. మళ్లీ వేటకు వెళ్లవద్దని కథానాయిక సత్య పట్టుబట్టే సన్నివేశం వచ్చినప్పుడు వదిన వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. ఆ సన్నివేశాల్లో సాయిపల్లవి ముఖం మీద కోపం, భయం, అలక ఒకదాని మీద ఒకటి కదులుతుంటే అక్కడ యాస గురించి ఎవరికీ పట్టలేదు. ఆమె రాజుతోనే, అంటే నాగచైతన్య పాత్రతోనే మాట్లాడింది. మాతో కాదు.

నాగచైతన్య కష్టపడ్డాడు, అది కనిపిస్తుంది. చిక్కంతా ఆ కష్టం కనిపించడంలోనే ఉంది. ప్రతి వాక్యం చివర ఆ ప్రాంతపు ముద్ర పడాలని ఎవరో పక్కన నిలబడి సరిచూసినట్టు ఉంటుంది. శ్రీకాకుళం మనిషి రోజంతా ఒకే బిగువుతో మాట్లాడడు. తండ్రి ముందు ఒకలా, పడవ మీద ఒకలా, పోలీసు ఎదురైతే ఇంకోలా మాట్లాడతాడు. అధికారి ముందు నిలబడ్డప్పుడు మా వాళ్లు పుస్తకాల తెలుగు తెచ్చిపెట్టుకుంటారు, పాపం అది సగంలో జారిపోతుంది. ఆ జారడంలో ఒక మనిషి బతుకంతా తెలుస్తుంది. సినిమాలో ఆ తేడాలు లేవు. జైలు గోడల మధ్య దేశభక్తి ఘట్టాలు మొదలయ్యాక నా ఆసక్తి పూర్తిగా సడలిపోయింది. ఊళ్లో ఆడవాళ్లు ఏమి తిని బతుకుతున్నారో చూడాలని ఉంటే, సినిమా నన్ను నినాదాల దగ్గర కూర్చోబెట్టింది.

ఇన్ని చెప్పినా ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. నా చిన్నతనంలో తెలుగు సినిమాలో ఉత్తరాంధ్ర మాట వినిపించిందంటే అది పనివాడి నోటో, నవ్వించడానికి పెట్టిన పాత్ర నోటో వినిపించేది. హాల్లో జనం నవ్వేవారు. నాన్న నవ్వేవారు కాదు. ఆ మాట ఇప్పుడు కథానాయకుడి నోట, ప్రేమకు, ఏడుపుకు, ప్రతిజ్ఞకు పలుకుతోంది. నాన్న ఉండి ఉంటే ఆ ఒక్క కారణానికే ఈ సినిమా రెండుసార్లు చూసేవారు.

అలాంటప్పుడు అమ్మకు ఎందుకు పరాయిగా వినిపించింది? దీనికి జవాబు నాకు మరో సినిమాలో దొరికింది. అది మా యాస కానే కాదు.

'బలగం' 2023లో వచ్చింది, వేణు యెల్దండి దర్శకత్వంలో. తెలంగాణ పల్లె. కొమురయ్య అనే పెద్దాయన చనిపోతాడు. మూడో రోజు పిండం పెడితే పిట్ట ముట్టదు. అయిదో రోజూ ముట్టదు. తెగిపోయిన బంధువులు ఒక్కొక్కరే లోపల దాచుకున్నది కక్కుకుంటారు. ఇందులో అమ్మకు తెలియని మాటలు కొల్లలు. మొదట్లో రెండు మూడు అడిగింది, నాకూ తెలియలేదు. ఆ తర్వాత అడగడం మానేసింది. కాసేపటికి అర్థమైంది, మాట తెలియకపోయినా ఆమెకు అన్నీ తెలిసిపోతున్నాయని. ఏళ్ల తరబడి పుట్టింటికి దూరమైన ఆడపడుచు వస్తే ఎవరు ముందు పలకరిస్తారు, ఎవరు చూడనట్టు పక్కకు తిరుగుతారు, అల్లుడికి ఎవరు వడ్డిస్తారు, ముక్క దగ్గర ఎవరికి కోపం వస్తుంది. మా ఇంట్లోనూ కాకి రాని రోజు ఒకటి ఉంది. నాయనమ్మ పదో రోజున. ఆ రోజు పెరట్లో నిలబడ్డ పెద్దవాళ్ల ముఖాలు నాకు గుర్తున్నాయి. చివర్లో మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాట ఎత్తుకున్నప్పుడు అమ్మ గట్టిగానే ఏడ్చింది. పాట అయిపోయాక, "ఆ ముసలాయనకు నిజంగానే ఎవరో పోయారు" అంది. ఆ మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారని వార్త వచ్చినప్పుడు అమ్మకు చెప్పడానికి నాకు ఒక పూట పట్టింది.

ఇదీ నా వాదన. తెలియని యాస అర్థమైంది, సొంత యాస పరాయిగా తోచింది. కాబట్టి యాస అనేది క్రియాపదం చివర తగిలించే తోక కాదు. ఎవరు ఎవరితో, ఏ చనువుతో, ఏ బరువుతో, ఏమి దాచుకుంటూ మాట్లాడుతున్నారన్నదే యాస. అది కుదిరితే మాట ఎక్కడిదైనా పరవాలేదు. అది కుదరకపోతే మా వీధి మాటే తెచ్చి మా ముందు పెట్టినా మాకు అద్దెకు తెచ్చిన బట్టలా ఉంటుంది.

అన్నయ్య దీన్ని ఒప్పుకోడు. మందుల దుకాణంలో ఇద్దరం రోజంతా పక్కపక్కనే కూర్చుంటాం కాబట్టి ఈ వాదన చాలాసార్లు జరిగింది. సినిమా అందరికీ తీస్తారు, శ్రీకాకుళం మాట ఉన్నది ఉన్నట్టు పెడితే కడపలో ఎవరికి అర్థమవుతుంది, ఆ మాత్రమైనా పలికించినందుకు సంతోషించాలి కదా అంటాడు. సంతోషమే. కానీ 'బలగం' కడపలో అర్థం కాలేదా? మా పర్లాకిమిడిలో అర్థమైంది కదా. అర్థం కాదేమోనన్న భయంతో మాటను పలచన చేస్తారు, పలచనైన మాటకు రంగు రావాలని చివర యాస పూస్తారు. రెండూ చేశాక మిగిలేది ఏ ఊరి మాటా కాదు.

ఈ ఊళ్లో కూర్చుని ఈ మాట అనే హక్కు మాకు ఉందని నా నమ్మకం. గిడుగు రామమూర్తి పంతులు గారు ఉపాధ్యాయుడిగా పనిచేసింది ఇక్కడే. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాషను వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసింది ఇక్కడి నుంచే. జనం నోట ఉన్న తెలుగు బడిలోకీ పుస్తకంలోకీ రావాలని ఆయన పోరాడింది ఈ వీధుల్లో తిరుగుతూనే. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29 ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం. నన్ను అన్నిటికంటే కదిలించేది ఆయన పని క్రమం. సవర మాట్లాడే మనిషి ఎదుట కూర్చుని ముందు విన్నారు, తర్వాతే రాశారు. మా కొండల మీదికి కెమెరాలు తెస్తున్నవాళ్లలో ఎంతమంది అలా ముందు కూర్చుని వింటున్నారు?

కెమెరాలు రావడం మాత్రం నిజం. పుష్ప రెండో భాగంలో కొంత 2023లో మల్కన్‌గిరి జిల్లాలో తీశారు. 2025 మార్చిలో రాజమౌళి బృందం మహేశ్‌బాబుతో కోరాపుట్ కొండల మీద షూటింగ్ చేసింది. ఆ వారం మా దుకాణానికి వచ్చిన ప్రతివాళ్లూ అదే మాట్లాడారు. అప్పుడే రాజమౌళి దియోమాలి శిఖరం ఎక్కి, ఆ అందాన్ని మెచ్చుకుంటూనే పైన పేరుకుపోయిన చెత్త గురించి బాధపడుతూ రాశారు. ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన కొండ అది, 1,672 మీటర్లు. ఆయన ఆ మాట అన్నందుకు నాకు గౌరవం కలిగింది. కొండను వెనక తెరగా కాకుండా కొండగా చూశారు కదా.

మల్కన్‌గిరి పేరు చెప్పుకున్నాం కాబట్టి ఒక ఒడియా సినిమా గురించి చెప్పకుండా ఉండలేను. తెలుగు ప్రేక్షకులు దీన్ని వెతుక్కుని చూడాలని నా కోరిక. పేరు 'దమన్', 2022లో వచ్చింది, బాబూషాన్ మొహంతి కథానాయకుడు. ఉత్తమ ఒడియా చిత్రంగా జాతీయ పురస్కారం అందుకుంది. బలిమెల జలాశయం కట్టినప్పుడు చుట్టూ నీళ్లు చేరి, మిగతా ప్రపంచంతో తెగిపోయిన పల్లెలు మల్కన్‌గిరిలో ఉన్నాయి. ఆ జలాశయం ఆంధ్ర, ఒడిశా కలిసి కట్టినది. రెండు రాష్ట్రాలకూ కరెంటు వచ్చింది, ఆ పల్లెలకు మాత్రం 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా దారి లేదు. అలాంటి చోటికి ఉద్యోగం మీద వెళ్లిన కుర్ర వైద్యుడి కథ ఇది. మలేరియాతో పిల్లలు పోతుంటారు. అతను మొదట పారిపోవాలనుకుంటాడు. తర్వాత నడుస్తాడు, పడవ ఎక్కుతాడు, మళ్లీ నడుస్తాడు. సినిమాగా చూస్తే లోపాలు ఉన్నాయి. నేపథ్య సంగీతం మనకు ఏడుపు రావాలని తొందరపెడుతుంది, ప్రభుత్వ పథకాన్ని పొగిడే చోట కథ ప్రకటనలా మారుతుంది. అయినా అది తన నేలను తన పేరుతో పిలిచింది. మలేరియా మాత్రలు అమ్మే దుకాణంలో పెరిగినదాన్ని, ఆ వైద్యుడి సంచిలో ఏమి ఉందో నాకు తెలుసు. ఏమి లేదో కూడా తెలుసు. అందుకే నాకు అది సినిమాలా అనిపించలేదు.

అదే మల్కన్‌గిరి పుష్ప కథకు ఒక దారి మలుపు, ఒక వంతెన. తప్పు అనను, కథ చిత్తూరు వైపుది, ఎక్కడ తీయాలో వాళ్ల ఇష్టం. మొదటి భాగంలో అల్లు అర్జున్ పలికిన చిత్తూరు మాట నాకు చాలా ఇష్టం కూడా. భుజం ఒక పక్కకు వాలినట్టే మాట కూడా ఒక పక్కకు వాలుతుంది, రెండూ ఒకే ఒంట్లోంచి వచ్చాయి. ఉత్తమ నటుడిగా జాతీయ పురస్కారం అందుకున్న తొలి తెలుగు నటుడు ఆయన అంటే, నా లెక్కలో అది ఆ మాటకు దక్కిన పురస్కారమే. రెండో భాగం వచ్చేసరికి ఆ మనిషి పెళ్లాంతోనో తల్లితోనో మాట్లాడటం తగ్గి, హాల్లో కూర్చున్న మాతో మాట్లాడటం ఎక్కువైంది. అమ్మ ప్రశ్న అక్కడ మళ్లీ గుర్తొచ్చింది.

ఇక 'ఘాటి'. దీని కోసం నేను నిజంగా ఎదురుచూశాను. క్రిష్ దర్శకుడు, అనుష్క కథానాయిక, కథ మా తూర్పు కనుమల్లోనిదే, ఆంధ్ర ఒడిశా సరిహద్దులోనిదే. గంజాయి మూటలు కొండ దాటించే మనుషుల కథ. ఈ సంగతి మా జిల్లాల్లో అందరికీ తెలుసు, కానీ ఎవరూ గట్టిగా మాట్లాడరు. వార్తల్లో పట్టుబడేది మోసేవాళ్లు. పండించమని డబ్బు ఇచ్చినవాడి ఫోటో పేపర్లో నేను చూసిన గుర్తు లేదు. ఒక రాత్రి నడకకు ఆశపడి ఏళ్ల తరబడి జైల్లో మగ్గే కుర్రవాళ్లు, వాళ్లను విడిపించుకోవడానికి పొలం తాకట్టు పెట్టే తల్లులు. ఇంత కథ చేతిలో ఉంది. మొదటి అరగంటలో కొండ ఉంది, బరువు ఉంది, ఊపిరి ఉంది. మూట వీపు మీదికి ఎత్తుకోవడంలో కూడా ఒక పద్ధతి ఉందని చూపించినప్పుడు నేను ముందుకు జరిగి కూర్చున్నాను. తర్వాత పగ వచ్చింది. పగ వచ్చాక కత్తులు వచ్చాయి, కత్తులతోపాటు మనం వందసార్లు విన్న వాక్యాలు వచ్చాయి. ఆ కొండల మీద కువి వినిపిస్తుంది, దేశియా ఒడియా వినిపిస్తుంది, సంతలో తెలుగు వినిపిస్తుంది. బేరం ఒక భాషలో మొదలై ఇంకో భాషలో తెగుతుంది. తెర మీద ఆ సందడి నా చెవికి అందలేదు. కొండ అంత నిజంగా తీసి, కొండ మీది నోళ్లను మూసేసినట్టు అనిపించింది. నా నిరాశ కోపం దాకా వెళ్లింది. అనుష్క మీద కాదు, ఆమె శక్తినంతా పెట్టింది. ఇంత దూరం వచ్చి కూడా వినకుండా వెళ్లిపోయారే అన్న కోపం.

సరిగ్గా అదే రోజు, 2025 సెప్టెంబరు 5న, 'లిటిల్ హార్ట్స్' అనే చిన్న సినిమా కూడా వచ్చింది. మౌళి, శివాని నాగారం నటించారు, సాయి మార్తాండ్ తీశారు. ఎంసెట్ కోచింగ్‌లో పుట్టిన ప్రేమ, అంతే కథ. గొప్ప సినిమా అనను, కొన్ని హాస్యాలు నాకు చిరాకు కూడా తెప్పించాయి. కానీ ఒక విచిత్రం జరిగింది. మా మేనకోడలు ఎప్పుడూ ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు కింద పెట్టుకుని తెలుగు సినిమాలు చూస్తుంది. ఈ సినిమాలో సగానికి వచ్చేసరికి ఆ అక్షరాలు తీసేసింది. అడిగితే, "అవి చదువుతుంటే నవ్వు ఆలస్యంగా వస్తోంది అత్తా" అంది. వాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారు. హైదరాబాదు కుర్రాళ్ల మాట ఈ సరిహద్దు ఊరి పదమూడేళ్ల పిల్లకు చదవకుండానే అందింది.

ఆ అక్షరాల గురించి ఒక్క మాట. వదినా, మేనకోడలూ సినిమా చూసేది వాటి సాయంతోనే కాబట్టి నేనూ చదువుతుంటాను. వదిన, మరదలు, తోటికోడలు, ఆడపడుచు, అందరూ ఆ కింద ఒకే మాట అయిపోతారు. శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటాం. అప్ప అన్నప్పుడు ఉండే చనువు కింది వరుసలో మాయమై, పేరు పెట్టి పిలిచినట్టు ఉంటుంది. ఒక కుటుంబ కథలో వరుసలు చెరిగిపోతే ఇంకేమి మిగులుతుంది? ఎవరు ఎవరి మీద అలగవచ్చో తెలియకుండా పోతుంది. ఒడియాలో నణంద ఉంది, జా ఉంది, భావుజ ఉంది, వదినకు వెంటనే తెలుస్తుంది. తెలుగు సినిమాలకు ఒడియా అక్షరాలు కింద వేసే రోజు కోసం నేను ఎదురుచూస్తున్నాను. ఇంగ్లీషు మీదుగా చుట్టు తిరిగి రావలసిన అవసరం ఈ రెండు భాషలకు లేదు.

టీవీ విషయంలో నేను ఇంకా కఠినంగా ఉంటాను. హిందీ నుంచి డబ్బింగు చేసిన సీరియళ్లు మా ఇంట్లో చాలాకాలం నడిచాయి. పెదవుల కదలికకు సరిపోవాలని మాటను లాగుతారు, విరుస్తారు. కర్త ఒకచోట, క్రియ ఒకచోట, మధ్యలో అవసరం లేని 'నువ్వు', 'నేను'. ఒకరోజు పెన్సిళ్ల డబ్బా కోసం తమ్ముడితో గొడవపడుతూ మా మేనకోడలు, "నీ ఈ ప్రవర్తనను నేను ఎన్నటికీ క్షమించను" అంది. ఇంట్లో అందరూ నవ్వారు. నాకు దిగులు వేసింది. అప్పటికి ఎనిమిదేళ్ల పిల్ల, తమ్ముడిని తిట్టడానికి ఆ మాట వెతుక్కోవలసి వచ్చిందంటే, తిట్టుకోవడానికి సరిపడా తెలుగైనా మేము ఆమెకు ఇవ్వలేదన్నమాట. ఆ వారం నుంచి డబ్బింగు సీరియళ్లు ఆపేయించాను. అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

'కార్తీకదీపం' మాత్రం ఆపలేకపోయాను. 2017 నుంచి 2023 దాకా, ఆపైన రెండో కథగా మళ్లీ, వంటలక్క మా ఇంట్లో ఒక మనిషిలా ఉంది. నాకు ఆ సీరియల్ మీద ఉన్న అభ్యంతరం చిన్నది కాదు. నల్లగా ఉన్నందుకు ఒక ఆడమనిషి అవమానాలు పడే కథ చెప్పడానికి, నటి ఒంటికి నల్లరంగు పూశారు. నల్లగా ఉన్న నటి ఈ దేశంలో దొరకలేదా? అమ్మతో ఈ మాట అంటే, "రంగు సంగతి వదిలెయ్, ఆమె తన సంపాదన తాను తింటోంది" అంది. అమ్మది మంచి నలుపు. అత్తవారింట్లో తొలిరోజుల్లో ఏమి విన్నదో ఎప్పుడూ చెప్పలేదు. ఆమె ఆ సీరియల్‌లో చూసుకుంటున్నది ఏమిటో తెలిశాక నేను మళ్లీ వాదించలేదు. నా అభ్యంతరం మాత్రం అలాగే ఉంది.

'90స్' అనే ఆరు భాగాల కథ 2024లో వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం కలిసి చూశాం. లెక్కల మాస్టారైన తండ్రిగా శివాజీ. ఆ ఇంట్లో మాటలు చాలా తక్కువ, ప్రేమంతా మార్కుల గురించి అడగడంలోనే ఉంటుంది. అన్నయ్య నవ్వుతూ చూశాడు, నేను నాన్నను చూశాను. ఆ తర్వాతి ఏడాది అదే శివాజీ 'కోర్ట్'లో మంగపతిగా భయపెట్టినప్పుడు, ఇంటి పెద్ద అధికారం ఎంత తేలిగ్గా ఈ చివర నుంచి ఆ చివరకు జారుతుందో తెలిసింది.

ఇక్కడికి దగ్గరి కథలు ఇంతకుముందు రాలేదని కాదు. 2020లో కరుణకుమార్ తీసిన 'పలాస 1978' మా పొరుగూరి కథ. పాట పాడే అన్నదమ్ములు, వాళ్ల కులం, వాళ్లను వాడుకున్న పెద్దమనుషులు. ఆ సినిమాలో రక్తం ఎక్కువ, చూడటానికి ఓపిక కావాలి. కానీ అవమానం జరిగినప్పుడు ఆ మనుషులు మాట మింగే తీరు ఎవరూ నేర్పితే వచ్చేది కాదు.

మా ఇంటి మాట తెర మీద వినిపించిన రోజు ఒకటే ఉంది. మా ఇంటి మాట అంటే, అమ్మ తెలుగులో అడిగితే వదిన సగం ఒడియాలో జవాబు చెప్పే మాట. పొద్దున మిగిలిన అన్నాన్ని అమ్మ చద్దన్నం అంటుంది, వదిన పఖాళ అంటుంది, పిల్లలు ఏది తోస్తే అది అంటారు. రాగుల్ని అమ్మ చోళ్లు అంటుంది, వదిన మాండియా అంటుంది, అంబలి మాత్రం ఒకే గిన్నెలో కాస్తారు. ఇలాంటి ఇల్లు తెలుగు సినిమాలో నేను చూడలేదు. నేను చూసినంతలో ఒడియా మనిషి తెలుగు సినిమాలో కూలీగానో కాపలావాడిగానో కనిపించి వెళ్లిపోతాడు.

ఆ ఒక్క రోజు 'కేరాఫ్ కంచరపాలెం' చూసిన రోజు. వెంకటేశ్ మహా 2018లో తీసిన సినిమా, విశాఖపట్నంలోని ఆ పేట మనుషులే చాలామంది నటించారు. పెళ్లికాని నడివయసు అటెండరు రాజు, ఒడిశా నుంచి ఆ ఆఫీసుకు అధికారిణిగా వచ్చిన రాధ. ఆమె భర్తను పోగొట్టుకున్న మనిషి, నలభై దాటింది. ఇద్దరి మధ్య పెరిగే చనువులో ఒక్క అరుపు లేదు, ఒక్క చరుపు లేదు. ఆమె తెలుగులో కొంచెం అటు వాసన ఉంటుంది. ఆ వాసనను ఎవరూ హాస్యం చేయరు. రాజు దాన్ని సరిదిద్దడు. ఆమె నిదానంగా వెతుక్కుని మాట్లాడితే అతను నిదానంగా వింటాడు.

మొదట విడుదలైనప్పుడు నేను, అన్నయ్య మాత్రమే చూశాం. వదినకు అప్పటికి తెలుగు అంతగా రాదు. మొన్న వర్షాలకు దుకాణం రెండు రోజులు మూసినప్పుడు ఇంట్లో మళ్లీ పెట్టాను. అమ్మ మంచం మీద, వదిన కింద చాప మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. రాధ మొదటిసారి నోరు తెరిచినప్పుడు వదిన చేతిలో కత్తి ఆగింది. ఏమీ అనలేదు. తర్వాత ఎంతసేపటికో వెనక్కి తిప్పమంది, అదే సన్నివేశం మళ్లీ చూసింది. ఇంగ్లీషు అక్షరాల వైపు చూడలేదు. నేను అమ్మ ముఖం చూశాను, ఏదైనా అడుగుతుందేమోనని. అడగలేదు.

మరునాడు పొద్దున వదిన బ్రహ్మపురంలో ఉన్న వాళ్లమ్మకు ఫోను చేసి ఆ కథంతా మొదటి నుంచి చెప్పింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఆపలేదు, అమ్మే వెళ్లి దించింది. కథంతా ఒడియాలోనే చెప్పింది. రాధ మాటలు వచ్చినచోట మాత్రం, వాళ్లమ్మకు తెలుగు రాదని తెలిసి కూడా, తెలుగులోనే చెప్పింది.